అడుగున మిగిలిన డీజిల్

అన్నా,

నీ పాత జీపులో మొన్న మొదటిసారి కానుగ నూనెతో చేసిన బయోడీజిల్ పోయించాను. మాచవరం దారిలో, నువ్వు స్టీరింగ్ మీద వాలిపోయిన మలుపు దగ్గరే అది ఆగిపోయింది.

మెకానిక్ మస్తాన్ వచ్చి ఫిల్టర్ విప్పి, నల్లటి మడ్డి చూపించాడు.

"కొత్త ఆయిలు ట్యాంకు గోడల్ని కడిగేసుద్ది. ఇదంతా మీ అన్న పోయించిన డీజిల్ మడ్డే, చానా ఏళ్లది. పారబొయ్యనా?"

ట్యాంకు ఎప్పుడూ ఖాళీ కానివ్వొద్దనేవాడివి. నువ్వు పోయాక కూడా, నీ డీజిల్ అడుగున ఉండగానే దాని మీద కొత్తది పోయిస్తూ వచ్చాను.

మళ్లీ అందులోనే పొయ్యమందామనుకున్నాను. "పారబొయ్యి" అన్నాను.

ఇప్పుడు జీపు ఆ మలుపు దగ్గర ఆగడం లేదు. నేనే ఆపి, పక్క సీట్లోకి జరిగి కూర్చుంటున్నాను.