తప్పిపోయినవాళ్ల ప్లేటు

1978 మే 4, గురువారం. సాయంత్రం 7.20

ఇది రాస్తున్నది కోపంతోనే. భయపడ్డానని ఆ పెద్దమనిషి రేపు ఊరంతా చెప్పుకుంటాడు కాబట్టి ముందే రాసి పెడుతున్నాను.

రికార్డు ప్లేటు తిరుగుతుండగా ముల్లు ఎత్తేశాడు. మా సంఘం ప్రెసిడెంటు గోవిందయ్య. నన్ను అడగలేదు, నా మొహం చూడలేదు. పాలల్లో పడ్డ ఈగను తీసినట్టు రెండు వేళ్లతో లాగి పక్కన పెట్టాడు. ఎర్ర లేబుల్ ప్లేటు మీద అడ్డంగా గీత పడింది. గంగులప్ప మామ ప్రాణం ఆ ప్లేటు.

కొత్త నోటుబుక్కు. మొదటినుంచి రాస్తే నాకే తేటగా ఉంటుంది. నేను వనజాక్షిని, వయసు ఇరవై తొమ్మిది, స్వర్ణముఖి శ్రోతల సంఘంలో ఆపరేటర్‌ని. అనౌన్సర్‌నీ నేనే. మేడ మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకు గొట్టాలు. కింద గదిలో రేడియో, యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, నేను. వార్తలు, కూరగాయల ధరలు, భక్తి పాటలు, కొండకొచ్చి తప్పిపోయినవాళ్ల ప్రకటనలు. గురువారం ఆరున్నర నుంచి ఏడు దాకా మాత్రం జాజ్, అమెరికా బ్యాండు సంగీతం. తిరుపతి మొత్తంలో ఆ అరగంట ఇక్కడ తప్ప ఎక్కడా దొరకదు.

రెండేళ్ల కిందట గంగులప్ప మామ పాత పంచెలో చుట్టుకుని పదకొండు ప్లేట్లు తెచ్చాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు. వయసులో ఉన్నప్పుడు కోలారు గనుల క్లబ్బులో దొరల డాన్సులకు వాయించాడట. దొరలు పోయారు, క్లబ్బు బ్యాండు పోయింది, ఈయన ప్లేట్లతో తిరిగొచ్చాడు. ఇంట్లో గ్రామఫోను స్ప్రింగు తెగిపోయింది, ఒక్క ప్లేటు ఏస్తావా పాపా, సెవులు ఎండిపోయినాయి అని అడిగాడు. వేశాను. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. రెండోసారి వేశాను. మూడోసారి ఆయన అడగకుండానే వేశాను.

ఈ నెల 25న సంఘం ఆవరణలో ఆయన కచేరీ. మార్చిలో కమిటీ ఒప్పుకుంది, నోటీసులు అచ్చయ్యాయి. నలబై మంది కుర్సీల్లో కూసోని ఇంటే సాలు పాపా, పెళ్లికొడుకు గుర్రం ముందర నడస్తా వాయించీ వాయించీ నా సంగీతమంతా కాళ్లలోకి దిగిపొయ్యింది అన్నాడు ఆయన. ఆ ప్లేటు తప్ప, ఈ ఊరికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఆయన తనకోసం అడిగింది అదొక్కటే.

ముల్లు ఎత్తేసి గోవిందయ్య అన్నది ఇది. దేవుడి కాళ్ల కాడ ఈ తాగుబోతుల పాటలేంది అని. కొట్టులో యాత్రికులకు ఇత్తడి బిందెలు అమ్మే నోటితో.

మే 5

గీతను మెత్తటి గుడ్డతో తుడిచాను, పోలేదు. తిరిగిన ప్రతిసారీ టక్కుమంటోంది.

మే 8, సోమవారం

కమిటీ మీటింగు. ఏడుగురు మగవాళ్లు, ఏడు సోడాలు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు.

గోవిందయ్య లేచి, యాత్రికులు మన మైకు ఇని ఏమనుకుంటారబ్బా, ఈ ఊర్లో ఏమన్నా సర్కస్ దిగినాదా అనుకోరా అన్నాడు. అందరూ నవ్వారు. మార్చిలో చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు తొడలు చరిచాయి. గురువారం అరగంట రద్దు. నేను కచేరీ సంగతి ఎత్తాను. నోటీసులు ఇంటింటికీ పంచాం కదా అన్నాను. అది తరవాత సూస్తాం పోమ్మా అన్నాడు. ఆ పోమ్మా నా చెవిలో ఇంకా ఉంది. ఆరేళ్లుగా ఈ గది తాళం తీసేది నేను, వేసేది నేను. యాంప్లిఫయరు వాల్వు పోతే చేతులు కాల్చుకుని మార్చేది నేను. పోమ్మా అట.

నా మీద నమ్మకం లేదు కాబట్టి కొత్త నిబంధన. ప్లేట్లన్నీ, భక్తివీ జాజ్‌వీ, బీరువాలో పెట్టాలి. ఆ రోజు వేయాల్సినవి మాత్రం బయటికి తీసి, పని కాగానే లోపల పెట్టి తాళం వేయాలి. తాళంచెవి నా దగ్గరే ఉండాలి, ఎందుకంటే రోజూ వచ్చి తీయడానికి గోవిందయ్యకు తీరదు. ఇంత తెలివైన నిబంధన రాయడానికి ఏడు సోడాలు కావాలి మరి.

గంగులప్ప మామకు నేనే చెప్పాను. కచేరీ ఉండాది కదా పాపా, అది సాల్లే అన్నాడు. తరవాత చూస్తాం అన్న మాట ఆయనకు చెప్పలేదు.

మే 13, శనివారం

జనం. ఎండ. బస్టాండు నుంచి అలిపిరి దాకా తలకాయలే.

పదకొండు గంటలకు నగరి నుంచి వచ్చిన ఒక సాలె కుటుంబం గదిలోకి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల అవ్వ కనపడలేదు. పేరు వరదమ్మ, డెబ్బై ఏళ్లు, పచ్చ అంచు చీర, ఎడమ కంట పొర. కోడలు ఏడుస్తోంది, కొడుకు కోడల్ని తిడుతున్నాడు. అనౌన్స్ చేశాను. స్వర్ణముఖి సంఘం ఆఫీసు దగ్గరికి రండి అని నాలుగుసార్లు చెప్పాను. ఒంటిగంటయినా రాలేదు.

ఎలా వస్తుంది? చదువు రాదు, బోర్డు చూసినా తెలియదు. అడుగుదామంటే చుట్టూ ఉన్నవాళ్లంతా ఏదో ఊరి నుంచి వచ్చినవాళ్లే. పోనీ మైకు వినపడిన దిక్కుకు వద్దామంటే ప్రతి లాడ్జికీ ఒక గొట్టం, ప్రతి బొమ్మల కొట్టుకీ ఒక గొట్టం. అన్నిట్లోనూ అవే భక్తి పాటలు. మేమూ అవే వేస్తున్నాం. ఏ గొట్టం ఎవరిదో దేవుడికే తెలియాలి.

నాకు ఒళ్లు మండింది. బీరువా తీశాను, ఎర్ర లేబుల్ ప్లేటు పెట్టాను. మైకులో చెప్పాను: వరదమ్మవ్వా, ఇప్పుడొక పీపీ మోగుతుంది, నీకు తెలిసిన పాట కాదు, దేవుడి పాట అసలే కాదు, మధ్యలో టక్కు టక్కుమంటుంది. అది ఎక్కడినుంచి వస్తోందో అక్కడికి నడుచుకుంటూ రా, నువ్వు వచ్చేదాకా ఆపను.

ప్లేటు ఆరోసారి మోగుతుండగా వచ్చింది. చెప్పులు లేవు, చేతిలో ప్రసాదం పొట్లం మాత్రం నలగలేదు. ఏందమ్మే ఆ కూత, ఇన్ని మైకుల్లో అదొక్కటే యేరేగా ఉండాది, సెవి ఆడనే పెట్టుకోని వస్తిని అంది. కొడుకు నా కాళ్ల మీద పడబోయాడు. నేను వెనక్కి జరిగాను.

ఈ రోజు కోపం లేదు. చాలా రోజుల తర్వాత.

మే 15, సోమవారం

మొన్న మురిసిపోయినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. మెచ్చుకుంటారు, ఆ అరగంట తిరిగి ఇస్తారు, కచేరీ జరుగుతుంది అనుకున్నాను.

గోవిందయ్య మెచ్చుకున్నాడు. బాగా మెచ్చుకున్నాడు. ఆలోచన ఆయనదే అన్నట్టు మెచ్చుకున్నాడు. వెంటనే ఒక తీర్మానం రాయించి గోడకు అతికించాడు. ఇకమీదట ఎర్ర లేబుల్ ప్లేటు తప్పిపోయినవాళ్లకు మాత్రమే. అది ఎప్పుడూ ప్లేయరు మీదే ఉండాలి. తప్పిపోయిన మనిషి సంఘానికి చేరేవరకు ముల్లు ఎత్తరాదు. ఎత్తినవారిపై చర్య. కింద సంతకం, పి. గోవిందయ్య, ప్రెసిడెంటు.

మరి కచేరీ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆ పీపీ ఊరికే మోగిందంటే తప్పిపోయినోళ్లు యాడికని పోతారమ్మా, నువ్వే కదా అలవాటు సేసినావు అన్నాడు. కాబట్టి కచేరీ రద్దు. ప్రజల మేలు కోరి.

ముందు చెడ్డదని ఆపారు. ఇప్పుడు మంచిదని ఆపారు. దారి చూపించింది నేనే.

మే 19

నాలుగు రోజుల్లో పదిమంది దొరికారు. ప్లేటు మోగగానే వీధిలో ఆడవాళ్లు, అయ్యో ఎవరో తప్పిపొయినారు, సామీ కాపాడు అని దండం పెడుతున్నారు. ఎవరూ పాట వినడం లేదు.

మే 21, ఆదివారం

గంగులప్ప మామ వచ్చాడు. ఎర్రకోటు గుండీలు ఊడి ఉన్నాయి.

ఈ పొద్దు ఒక కోమట్ల ఇంటి పెళ్లి. మామూలుగా ఊరేగింపు మలుపు తిరిగేచోట రెండు నిమిషాలు తనకిష్టమైనది వాయించుకుంటాడు. ఎవరూ పట్టించుకోరు, అందుకే వాయించుకుంటాడు. ఈ రోజు ఆ ఎర్ర లేబుల్ పాటే ఎత్తుకున్నాడట. పెళ్లికూతురి మేనత్త చంద్రకాంతమ్మ పరుగెత్తుకొచ్చి క్లారినెట్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. తప్పిపోయినోళ్ల పాట పెండ్లిలో వాయిస్తావా, నీకు బుద్ధుండాదా, మా పిల్ల యాడన్నా తప్పిపోవాల్నా అని అరిచింది. బ్యాండు మేస్త్రి ఆయన్ని అక్కడే లైనులోంచి పక్కకు తప్పించాడు.

ఆయనకు ఊళ్లో మిగిలింది ఆ మలుపు దగ్గర రెండు నిమిషాలు. దాన్ని కూడా నేనే తీసేశాను. గోవిందయ్య కాదు. నేను.

తిట్టు మామా అన్నాను. తిట్టలేదు. ఆ ముసలామె దొరికింది కదా పాపా, అది ఊరికే పోయిందా అన్నాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన మంచితనం మీద కూడా కోపంగా ఉంది.

మే 24

తీర్మానం మళ్లీ చదివాను. మూడుసార్లు చదివాను. తప్పిపోయిన మనిషి ఎంత కాలం కిందట తప్పిపోయి ఉండాలో అందులో లేదు.

మే 25, గురువారం. సాయంత్రం 6.25

గీత పడ్డ ప్లేటు ప్లేయరు మీద ఉంది. మిగతా పదీ బీరువాలోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. యాంప్లిఫయరు వేడెక్కుతోంది.

అదే రోజు, రాత్రి 9.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సరిగ్గా ఆరున్నరకు మైకు ఆన్ చేశాను. తప్పిపోయినవారి ప్రకటన. పేరు గంగులప్ప. వయసు అరవై ఒకటి. చేతిలో నల్ల క్లారినెట్. కోలారు గనుల నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే తప్పిపోయి ఉన్నాడు. ఎక్కడున్నా సంఘం ఆవరణకు రావాలి. వచ్చేదాకా ముల్లు ఎత్తేది లేదు. అని చెప్పి ప్లేటు వేశాను.

అయిదు నిమిషాల్లో గోవిందయ్య కొట్టులోంచి వచ్చాడు. ముల్లు మీదికి చెయ్యి చాపాడు. నేను గోడ మీది కాగితం చూపించాను. ఎత్తినవారిపై చర్య. మీ సంతకమే అన్నాను. కిటికీ బయట జనం చేరారు. మనిషి రానిదే ఎట్ల ఆపుతావప్పా, పాపం ముసలాయనంట అని ఎవరో అన్నారు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చెయ్యిని నేను చచ్చేదాకా మరిచిపోను.

గంగులప్ప మామ ఏడింటికి వచ్చాడు. పరుగెత్తి కాదు, నింపాదిగా, ఇస్త్రీ చొక్కాతో. ఎర్రకోటు లేదు. నేను ముల్లు ఎత్తాను. మైకు ఆయన ముందు పెట్టాను. చేరినట్టు రుజువు కావాలి కదా అన్నాను. ఆయన వాయించాడు. నలభై మంది కాదు. ఆవరణ నిండింది, గోడ మీద కూడా కూర్చున్నారు. కుర్చీలు లేవు. వాళ్లలో సగం మందికి తప్పిపోయిన మనిషి దొరికాడన్న సంతోషం, అంతే. ఉండనీ. మధ్యలో తాను ఆగినప్పుడు తన ప్లేట్లలో ఏదో ఒకటి వేయమని కళ్లతో చెప్పేవాడు. తప్పిపోయినవాళ్ల రిజిస్టర్లో ఆయన చేరిన సమయం ఏడు అని కాక, కచేరీ ముగిసిన సమయం రాశాను. ఎనిమిదిన్నర.

గోవిందయ్య నన్ను పనిలోంచి తీసేశాడు. జనం ముందు. రేపట్నుంచి రావాకు అన్నాడు. సరే అని, మిగతా ప్లేట్లన్నీ నిబంధన ప్రకారం బీరువాలో పెట్టి, తాళం వేసి వచ్చాను. ఎర్ర లేబుల్ ప్లేటు ప్లేయరు మీదే వదిలేశాను. అదీ నిబంధనే.

మే 27

గది తాళంచెవి ఇచ్చేశాను, బీరువాది మాత్రం నా నడుముకే ఉంది. ఎవరూ అడగలేదు. అడిగితే ఇస్తాను, మర్యాదగా అడిగితే.

మే 30

సంఘం మైకు అయిదు రోజులుగా మూగ. పాటల ప్లేట్లన్నీ బీరువాలోనే, యాంప్లిఫయరు ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఓబయ్య అనే కమిటీ మెంబరు వచ్చి, తాళంచెవి పడేయమన్నాడు ప్రెసిడెంటు అన్నాడు. పడేయమంటే పడేయడానికి నేను కుక్కకు అన్నం వేయడం లేదు. తలుపేశాను.

జూన్ 1, గురువారం. సాయంత్రం 6.50

గంగులప్ప మామ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తాళంచెవి కోసం మా ఇంటికి మళ్లీ మనిషిని పంపారని తెలిసి ఇక్కడికి వచ్చాను.

ఆరున్నరకు మైకు గరగరమంది. గోవిందయ్య గొంతు. తప్పిపోయినవారి ప్రకటన, పేరు వనజాక్షి, వయసు ఇరవై తొమ్మిది, నడుముకు తాళంచెవి, యాడుండినా సంఘానికి రావలెను అని. అలవాటు లేని మనిషి, మైకులో దగ్గాడు. తరవాత ప్లేటు వేశాడు. వాళ్ల దగ్గర ఉన్నది అదొక్కటే.

అయిపోయింది. మళ్లీ వేశాడు. టక్కు, టక్కు.

మామ క్లారినెట్ తీసి నోటి దాకా తెచ్చి ఆపాడు. పోవా పాపా అన్నాడు.

మన గురువారం అరగంట ముగిసి ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది అన్నాను.