సారు పాస్‌వర్డ్

తొమ్మిదింటికి కరెంటు పోతది. అంతల్నే వారం రిపోర్టులన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె, అందుకే నువ్వు లేవకముందే పోతున్న. జొన్నరొట్టెలు బట్టల చుట్టి పెట్టిన. ఎనిమిదింటికి మీ అమ్మ కంట్ల మందు వెయ్యి, మర్చిపోకు.

సెలవు అడగనీకి నోరు లేదా అని మొన్న అరిచినవు. మా సారును మూడుసార్లు అడిగిన. ఇప్పుడు సెలవు కాగితం మీద రాస్తే నడ్వదు, కంప్యూటర్లనే పెట్టాలె, సారు కంప్యూటర్లనే మంజూరు చెయ్యాలె. ఆ మహానుభావునికి దాన్ని ఎట్ల తెరుస్తరో గూడ తెల్వదు. దసరకు దానికి కుంకుమబొట్టు పెట్టి దండేసుడే ఆయన చేసిన పని. పాస్‌వర్డ్ నాకే ఇచ్చిండు. ఆఫీసుల అందరి సెలవులు ఆయన పేరు మీద నేనే మంజూరు చేస్త. నా సెలవు కాడికి వస్తే మాత్రం "నువ్వు లేకుంటే మిషిన్ ఎవరు నడుపుతరు శ్రీవాణమ్మా, జర ఆగు" అంటడు. ఆయన ఆగమంటే అత్తమ్మ కంటిపొర ఆగుతదా?

గురువారం ఆమెను మహబూబ్‌నగర్ దవాఖానకు నేనే తోల్కపోత. పాత మందుల చీటీలు సంచిల పెట్టు.

సెలవు ఎవరిచ్చిన్రు అంటవేమో. సారే ఇచ్చిండు, నిన్న సాయంత్రం, నా చేతుల్తోటి. ఆయనకింకా తెల్వదు. తెల్వాలంటే కంప్యూటర్ తెరవాలె గద.