మీ తిరిగే చెక్కలు

ఏవండీ,

హాలు నుంచి వచ్చినప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. మీతో కాక ఇంకెవరితో చెప్పను?

మన రాజమండ్రి నాటకాల హాలును బాగుచేస్తున్నారు. మీరు కమిటీతో పోట్లాడి గోడలకు పెట్టించిన తిరిగే చెక్కలున్నాయి కదా, పద్యం మోగడానికి చెక్క వైపు, మాటలు తేటగా వినపడటానికి గుడ్డ వైపు తిప్పేవి. వాటిని తీసేసి, మైకులూ స్పీకర్లతోనే హాలులో గొంతు మోగడాన్ని పెంచి తగ్గించే ఏర్పాటు చేస్తారట. ఒకప్పుడు అక్కడ పద్యాలు పాడినదాన్నని నన్నూ రమ్మన్నారు. వద్దని చెప్పడానికే వెళ్లాను.

"చూపించడానికి కొన్ని మైకులు పెట్టామండి. రెండు రకాలుగానూ పాడి చూడండమ్మా. మీరేదంటే అదే చేద్దామండి," అంది ఇంజనీరమ్మాయి.

మీరు పోయాక నేను గొంతు విప్పలేదు. ముందు మీ చెక్కలు తిప్పించి పాడాను. సగం బిగుసుకుపోయి తిరగనే లేదు. నా రాగం ముందు వరసలు దాటిందో లేదో. తర్వాత ఆ అమ్మాయి వెనక కుర్చీల దగ్గర నిలబడి ఫోన్ మీద ఏదో నొక్కింది. అదే పద్యం, అదే అరిగిన గొంతు. నేను ఆపేశాక కూడా రాగం హాలంతా కాసేపు నిలిచింది.

"ఇక్కడిదాకా ప్రతి అక్షరం వినపడిందండీ!" అని అరిచింది.

"ఇదే ఉంచండమ్మా," అనేశాను.

నూనె వేసి బాగుచేయిస్తే చెక్కలు తిరుగుతాయని నాకు తెలుసు. ఆ మాట చెప్పి రావాలని ఇందాకటి నుంచి చెప్పులు వేసుకుంటున్నాను, విప్పేస్తున్నాను. మీకు కోపం వస్తుంది. తిట్టండి.

వచ్చే నెల నాటకంలో పద్యాలు నన్నే పాడమన్నారు. సరేనన్నాను.