ఎనిమిది ఎరుపులూ ఒక పచ్చా

రంగు తొట్టిలోంచి తలెత్తి ఈ ఉత్తరం చదవబోయే పెదనాన్నకి మీ అమ్మాయి నమస్కారాలు.

నేను సొంతంగా కట్టిన మొదటి నాట్యం వచ్చే నెల చివరి శనివారం సాయంత్రం. పేరు ‘అడవి’. ఇన్నాళ్ళూ పిల్లలకి అడుగులు నేర్పుకుంటూ గడిపాను కదా, ఇది బాగుంటే నెలకో సాయంత్రం నాకే ఇస్తానన్నారు హాలు మేనేజరు. బాగోకపోతే మళ్ళీ అడుగులే.

పార్సిల్లో ఎనిమిది తెల్ల దుస్తులున్నాయి. ఎనిమిదీ ముదురు ఆకుపచ్చ కావాలి. తెల్ల తెర ముందు ఎనిమిది పచ్చని చెట్లు. చివర్లో ఎర్ర లైటు వేస్తాం. ఆ వెలుగులో పచ్చ నల్లబడిపోతుంది పెదనాన్నా! బట్టలు మార్చక్కర్లేదు, నిలబడ్డచోటే అడవి బొగ్గయిపోతుంది. లైటుకి కట్టే ఎర్ర కాగితం ఇందులోనే పెట్టాను. మీ పచ్చని దాంట్లోంచి చూడండి, నల్లగా కనిపిస్తే సరే.

మీ పచ్చ మీదే ఆశలన్నీ పెట్టుకున్న,
అమ్మాయి

తా.క. దుస్తుల్లో ఒకటి బాగా వదులు. ఆ చెట్టు కాస్త తిండిపోతు.

*

అమ్మాయికి, మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతో పెదనాన్న దీవెనలు.

నమూనా అందింది. ఏం ఎరుపమ్మా అది! కిటికీకి పట్టి చూస్తే కళ్ళు చెదిరాయి. నలభై ఏళ్ళలో ఇలాంటి ఎరుపు నన్నెవరూ అడగలేదు. మూడు రోజులు తొట్టి దగ్గరే కూర్చున్నాను. ఆరుసార్లు ముంచినా కుదరలేదు, ఏడోసారి కుదిరింది. ఎనిమిదీ అచ్చం నీ కాగితమే. ఇవాళే పంపాను. మిగిలిన రంగు పారబొయ్యబుద్ధి కాక మీ పెద్దమ్మ తెల్లచీర ఒకటి ముంచాను.

ఉత్తరం చదవలేదని కోప్పడకు. మా పనిలో నమూనా చేతికొచ్చాక ఉత్తరం చదవం. మాటల్లో చెప్పిన రంగు మనిషికో రకంగా కనిపిస్తుంది, నమూనా అబద్ధమాడదు. ఉత్తరాన్ని భద్రంగా అటక మీద పెట్టాను.

ఉంటాను,
పెదనాన్న

తా.క. మీ పెద్దమ్మ అటకెక్కి మరీ చదివి, అందులో ఆకుపచ్చ అని ఉందంటోంది. పాపం, కళ్ళజోడు మార్పించాలి.

*

నా కొంప ముంచిన పెదనాన్నకి, అయినా నమస్కారాలే.

పార్సిల్ విప్పి చతికిలబడ్డాను. అది నమూనా కాదు పెదనాన్నా, లైటుకి కట్టే కాగితం! ఎర్ర వెలుగు పడితే తెల్ల తెరంతా ఎర్రబడుతుంది. మీ ఎరుపు అందులో కలిసిపోయి మాయమవుతుందని లైట్ల ఆయన తేల్చేశారు. ఎరుపు మీద పచ్చ ఎక్కదని మీరే అంటారు. ఆ బట్ట మళ్ళీ దొరకదు, దర్జీకి తీరికా లేదు. ఇక ఇరవై రోజులే ఉన్నాయి. ఎవరి మీద అరవాలో తెలియట్లేదు.

తల పట్టుకున్న,
అమ్మాయి

తా.క. పెద్దమ్మ కళ్ళజోడు బ్రహ్మాండంగా ఉంది.

*

అమ్మాయికి, ఈ వయసులో ఇంత మాట పడ్డ పెదనాన్న రాసేది.

ఈసారి ఉత్తరం చదివాను. చదవకపోయినా బాగుండేది. నా ఎరుపు మాయమవుతుందా? పెద్దమ్మ చీరని సబ్బుతో ఉతికాను, ఉడకబెట్టాను, రెండు రోజులు ఎండలో పడేశాను. చుక్క వదల్లేదు. ఎండకి జడవని రంగు దీపానికి జడుస్తుందా? మీ లైట్ల ఆయన్ని ఇక్కడికొచ్చి, తొట్టి ముందు నిలబడి ఆ మాట అనమను.

రోషం వచ్చిన,
పెదనాన్న

తా.క. ఉత్తరం అంటించబోతుంటే పెద్దమ్మ ఆ చీర కట్టుకుని సామాన్ల గదిలో తెల్లగోడ ముందు నిలబడింది. తలుపులు మూయించి, టార్చికి నీ కాగితం కట్టి వెయ్యమంది. వేశాను. అమ్మాయీ, చీర లేదు! గోడ మీద ఆవిడ మొహం, రెండు చేతులు, అంతే. “ఏమేవ్, ఎక్కడున్నావే?” అని కేకేశాను. ఎదురుగానే ఉంది. ఇన్నేళ్ళూ రంగు బట్టలో ఉంటుందనుకున్నాను. సగం వెలుగులో ఉందట. తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను, ఇంకా లేవలేదు.

*

గట్టు మీద కూర్చున్న పెదనాన్నకి, హాలు మెట్ల మీద కూర్చుని అమ్మాయి నమస్కారాలు.

మీ తా.క. చదివి హాలుకి పరిగెత్తాను. ఎనిమిది మందికీ మీ ఎరుపులు తొడిగి లైటు వేయించాను. ఎనిమిది మొహాలు, పదహారు చేతులు! ఒంటి జాడే లేదు. ఆ చేతులు ఊగుతుంటే మంటలే లేచినట్టుంది. లైట్ల ఆయన నిచ్చెన దిగొచ్చి నోరెళ్ళబెట్టారు.

నాట్యం మార్చేశాను. వాళ్ళు ఎనిమిది మందీ మంట. మధ్యలో చివరి చెట్టుని నేనొక్కదాన్నే, నల్లగా కాలిపోతాను. పిల్లలకి నేర్పేటప్పుడు నేను వేసుకునే తెల్ల దుస్తు పంపుతున్నాను. ఆకుపచ్చ చేసి శుక్రవారానికి అందేలా పంపండి.

మీ,
చివరి చెట్టు

తా.క. ఈసారి నమూనా పెట్టలేదు. దయచేసి చదవండి.

*

పెదనాన్నకి నమస్కారాలు, పళ్ళు కొరుకుతూ.

పార్సిల్ ఇప్పుడే విప్పాను. పచ్చ చూస్తే ప్రాణం లేచొచ్చింది. మరి గుండెల మీద ఆ ఎర్ర మరకేమిటి? అరచేతంత! మీ ఎర్ర చేతులతో పట్టుకున్నారు కదూ? ఉతికితే పోదు, ఉడకబెట్టినా పోదు, మీరే నిరూపించారు. పచ్చ కండువా కప్పుకుని ఆడతాను.

అమ్మాయి

తా.క. రేపు మీరు రాకండి. చెట్టు ఏడుస్తుంటే బాగోదు.

*

రావద్దన్న ఉత్తరం అందకముందే వచ్చి వెళ్ళిన పెదనాన్న ఆశీస్సులు.

చివరి వరసలో కూర్చున్నాం. నీ గుండెల మీద కండువా చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. “తియ్యవే, తియ్యవే” అని గొణుగుతూనే ఉన్నాను. ముందున్నాయన వెనక్కి తిరిగి కసిరాడు. పెద్దమ్మ నా నోరు నొక్కేసింది.

ఎర్ర వెలుగు పడింది. పదహారు చేతులు నిన్ను చుట్టుముట్టాయి. నేను తొమ్మిదిసార్లు ముంచిన పచ్చ నా కళ్ళెదుటే బొగ్గయిపోయింది. ఏడ్చాను, దాచడమెందుకు. అప్పుడు నువ్వు గిర్రున తిరిగావు, కండువా జారిపోయింది.

అది మరక కాదమ్మా, చిగురు. నిన్ను పూర్తిగా కాలిపోనివ్వడానికి నాకు మనసొప్పలేదు. పచ్చంతా నల్లబడ్డాక అదొక్కటే వెలగాలని, ఆ చోట పచ్చ అంటకుండా మైనం పూసి, టార్చి వేసి చూసుకుంటూ రెండు రోజులు ఎరుపు అద్దాను. ముందే చెబితే వద్దంటావని చెప్పలేదు.

వెలిగింది. ముందు వరసలవాళ్ళు మెడలు చాచి నీ గుండెల వైపే చూశారు. ఏమిటా అని నువ్వు కిందకి చూసుకున్నావు. చూసి, రెండు చేతులూ అడ్డుపెట్టి దాన్ని పొదివి పట్టుకున్నావు. అది నాట్యంలో లేదని హాల్లో కూర్చున్నవాళ్ళలో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

నన్ను కసిరినాయన లేచి నిలబడి, “ఈ అమ్మాయికి నెలకో సాయంత్రం రాసేయండి” అని పక్కవాళ్ళతో అన్నాడు. మేనేజరట.

నీ,
పెదనాన్న

తా.క. నెలకో సాయంత్రమంటే నెలకోసారి తను తెల్లగోడ ముందు నిలబడాలా అని మీ పెద్దమ్మ అడుగుతోంది. అడుగుతూనే చీరలు నాలుగు తీసి తొట్టి పక్కన పెట్టింది.