ఐదు ఇంగ్లీషు తుపాకులు

5 ఆగస్టు 1990, సల్వా, కువైట్

ఇరాక్ సైన్యం దిగి నాలుగో రోజు. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, లండన్‌లో ఉన్నాడు, వేలంలో ఇంకో పాత షాట్‌గన్ కొనడానికి వెళ్లి. నేను ఆయన టైపిస్టును. డీలర్లకు ఉత్తరాలు కొట్టి కొట్టి ఈ మార్కెట్ నాకూ వంటబట్టింది. వందేళ్ల నాటి డబుల్ బ్యారెల్, దాని ఒరిజినల్ పెట్టె, చెక్కిన పువ్వులు చెరగకుండా ఉంటే ఒక్కోటి ఒక మెర్సిడెస్. పాలిష్ చేస్తే రేటు సగం. పాతబడేకొద్దీ విలువ పెరిగేది తుపాకికి. పాతబడ్డ డ్రైవర్‌కు మాత్రం ఖలాస్, ఇంటికి టికెట్!

ఇంట్లో అలాంటివి ఐదున్నాయి. ఆయుధం దొరికితే ఇంట్లోవాళ్లను అక్కడే కాల్చేస్తున్నారని వీధంతా చెప్పుకుంటున్నారు.

12 ఆగస్టు

ఇండియన్లను అమ్మాన్ మీదుగా పంపిస్తారట. పాస్‌పోర్టు ఉండాలి. ఇంట్లో మిగిలిన మా ముగ్గురు పనివాళ్లవీ తుపాకుల ఇనప బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి లండన్‌లో. మనుషుల్నీ తుపాకుల్నీ ఒకే అరలో పెట్టే బుద్ధి ఇది!

పగలగొడదామన్నాను. డ్రైవర్ నాగన్న ససేమిరా అన్నాడు. ఆయన ఉప్పు తిన్యాం సారూ, నమ్మి ఇడ్సిపోయినాడు గదా అంటాడు. మనం ఉప్పు తినడం కాదు నాగన్నా, మన చాకిరీ వాడు తిన్నాడు అని అరిచాను. గంటసేపు శ్రమదోపిడీ చరిత్ర చెప్పాను. వంటామె తిరుపాలమ్మ వంటింట్లోంచే, మీ వుపన్యాసానికి బీరువా తెరుసుకుంటాదా సారూ అంది.

13 ఆగస్టు

కారు జాకీ రాడ్డుతో తిరుపాలమ్మే తెరిచింది.

18 ఆగస్టు

పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. విరిగిన బీరువా తలుపు ఇక పడదు, తుపాకులు మెడకు చుట్టుకున్నాయి. వీధి చివర చెక్‌పోస్టు, బయట పారేయలేం. తోటలో పాతాం. నాగన్న ఒక్కోదానికి నూనె రాసి, ప్లాస్టిక్ చుట్టి, పసిబిడ్డల్లా పడుకోబెట్టాడు.

అంతటితో ఆగాడా? ఇనుమును భూమిలో పెడితే బొట్టు పెట్టాలట. పైన రాయి నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశాడు. దాచినచోట బోర్డు కట్టినట్టే! తీసెయ్యమన్నాను. పెట్టినంక తీస్తే అరిష్టం సారూ అన్నాడు. కొట్టుకునేదాకా వెళ్లాం. రాయి కదల్లేదు.

20 ఆగస్టు, పగలు 11

ముగ్గురు సైనికులు. తోటంతా బాయ్‌నెట్లతో పొడిచారు. రాయి దగ్గర ఆగారు. ఇది మా దేవుడని నాగన్న వచ్చీరాని అరబ్బీలో చెప్పి చేతులు జోడించాడు. తిరుపాలమ్మా జోడించింది. ఊరికే నిలబడ్డ నావైపు ఒకడు తిరిగాడు. వీళ్ల దేవుడైతే నీకెందుకు కాడు అని అడిగాడు.

ఇరవై ఏళ్లు కరపత్రాలు రాశాను, రాళ్లకు మొక్కొద్దని. బాయ్‌నెట్ మొన రాయి పక్కన మట్టిలో రెండంగుళాలు దిగింది.

సాష్టాంగపడ్డాను. మట్టి నోట్లోకి వెళ్లింది. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

3 సెప్టెంబర్, జోర్డాన్ సరిహద్దు, గుడారం

నాగన్న రొట్టె ముట్టడం లేదు. దేవుణ్ణి దీపం లేకుండా వదిలేసి వచ్చామట. దాని కింద ఉన్నవి తుపాకులయ్యా, పాతింది నువ్వే అన్నాను.

తుపాకులే సారూ, కాదన్లే, మీరు మొక్కినంక గూడా అది వుట్టి రాయేనా అన్నాడు.