నాయన వంతు చుట్ట

ఫిలిప్పీన్స్, 2–11–1964

దర్శిలో ఉన్న చెల్లెలు ఖుర్షిదాకు అన్న ఖాజావలి దీవెనలు.

వరి సాగు శిక్షణ బాగానే సాగుతోంది. పంది మాంసం జోలికి పోవడం లేదని అమ్మకు చెప్పు. నేనున్న ఇంటావిడ లూసింగ్ నాకు చేపలు వేరే మూకుడులో వండి పెడుతోంది.

నిన్న ఈ ఊరు ఊరంతా చాపలు, అన్నం గిన్నెలు, పూలు పట్టుకుని బయల్దేరింది. ఎవరిదో పెళ్లనుకుని నేనూ ఉతికిన చొక్కా తొడుక్కుని, మిఠాయి పొట్లంతో వెంట పోయాను. తీరా చూస్తే శ్మశానం. ఏటా ఈ రోజున సమాధులకు సున్నం వేసి, పోయినవాళ్ల దగ్గరే కూర్చుని తింటారట. పిల్లలు ఆడుకుంటున్నారు, పెద్దలు పేకాడుతున్నారు. ఏడ్చేవాళ్లు ఒక్కరూ లేరు. లూసింగ్ నా మిఠాయి అందుకుని భర్త సమాధి మీద పెట్టింది. ఆయన కోసం తెచ్చిన చుట్ట కూడా వెలిగించి పెట్టింది. "పోయిన మీ నాయనకు ఏమిష్టం?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. చుట్టే అన్నాను. ఇంకొకటి వెలిగించి, పక్కన ఖాళీ నేల మీద ఉంచి, "ఇది ఆయన వంతు. ఆరిపోయేదాకా కూర్చో" అంది. కూర్చున్నాను.

మిరపకు ముడత తగ్గిందా? గేదె ఈనిందా? ఇక్కడి కూరల్లో కారమే ఉండదు, కాస్త గొడ్డుకారం పార్సెలు చెయ్యి. నాయన గోరీకి ఈ ఏడు సున్నం వేయించండి. బావకు సలాం, పిల్లలకు ముద్దులు.

అమ్మకు ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు చుట్ట సంగతి దాటెయ్యి. పోయేనాటికి నాయన అది మానేశాడనే ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది.