కొత్త ఇంటి బోరునీళ్లు

వదినగారికి నమస్కారాలు.

కీడు చేపలకు మనకంటే ముందే తెలుస్తుందా అని ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. గరివిడి నుంచి ఈ కొత్త ఇంటికి మా పెద్ద అక్వేరియం తెచ్చాం. కొత్తనీళ్లు ఒక్కసారిగా పోస్తే చేపలు తట్టుకోలేవని పాతనీళ్లు కొన్ని డ్రమ్ములో పట్టుకొచ్చాను. "పాలు పొంగకముందు పాత ఇంటి మురుగుని గుమ్మం దాటించేస్తావేటే? పారబొయ్యి" అన్నారు మా అత్తగారు. పారబోసి, ఇక్కడి బోరునీళ్లే నింపాను.

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఇప్పటికి ఒక్కటే మిగిలింది. ఆ నీళ్లే మేమూ తాగుతున్నాం.

"నీళ్లు మారితే మనుసులకే జబ్బు సేస్తాది, సేపలకి సెయ్యదేటి?" అంటున్నారావిడ. అంతే కావచ్చు. పక్కింటివాళ్లు మాత్రం తాగడానికి క్యాన్ నీళ్లే కొంటున్నారు, ఎందుకని అడిగితే మాట మారుస్తున్నారు.

మీ కోడలికి తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలి, తెలుసు. మా యమునను శుక్రవారం పంపమనాలో, మీ దగ్గరే ఉంచుకోమనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.